ఎత్తుకునేది ఎవరు? అందుకునేది ఎవరు?

భజనకు, కీర్తనకు మేము వ్యతిరేకం కాదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాం. ఎందుకంటే ఈ వ్యాసం చూసి "వీళ్ళకు పాట కూడా గిట్టదు" అనేవాళ్ళు ఎట్లాగూ ఉంటారు. పాట గిట్టని మాలపల్లి, మాదిగగూడెం ఈ దేశంలో ఎక్కడుంది? నాట్లేసేటప్పుడు ఒక అక్క పాట ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. బుర్రకథలో కథకుడు ఒక మాట అంటే వంతలు తాళం వేసి పలుకుతారు. చావు కాడ, జాతర కాడ, ఊరేగింపు కాడ ఒకడు డప్పు మీద దరువు మారిస్తే మిగతా డప్పులు జవాబిస్తాయి. ఒకరు ఎత్తుకోవడం, పదిమంది అందుకోవడం - ఈ విద్య మనకు ఎవరో వచ్చి నేర్పవలసింది కాదు.

మరి తగాదా దేనితో? పాట ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎవరి నోట్లో పెడుతున్నారు, వద్దన్నవాడికి ఊరుకునే హక్కు ఉందా లేదా - తగాదా వీటితోనే.

ఇప్పుడు ఈ ప్రశ్న ఎందుకు లేవనెత్తుతున్నామంటే, యోగా పేరు మీద భజన మన పిల్లల హాస్టళ్ళ దాకా, మన వాడల దాకా వస్తున్నది. ముందు చాపలు పరుస్తారు. ఊపిరి పీల్చండి, వదలండి అంటారు. నాలుగు ఆసనాలు వేయిస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. ఆఖరున కళ్ళు మూసుకోమని "మేము అన్నట్టు అనండి" అంటారు. ముందు కూర్చున్నాయన ఒక నామం పలుకుతాడు, కింద కూర్చున్న పిల్లలు తిరిగి పలుకుతారు. ఇదేంది సారూ అని అడిగితే, "ఇది మతం కాదమ్మా, ఆరోగ్యం" అంటారు. ఈ జవాబు నిజమా కాదా అన్నది విచారించాలి. కోపంతో కాదు, చరిత్ర పట్టుకుని విచారించాలి.

యోగాలోకి కీర్తన ఎట్లా వచ్చింది?

పతంజలి పేరు చెప్పే యోగసూత్రాల్లో ప్రణవ జపం ఉంది. ఈశ్వరుడి మీద మనసు నిలపడం ఉంది. కానీ పదిమంది కూడి, తాళాలు కొడుతూ, ఒకరు అంటే మిగిలినవాళ్ళు అందుకోవడం అందులో లేదు. అది భక్తి మార్గం నుంచి వచ్చింది. భాగవతం తొమ్మిది రకాల భక్తిని లెక్కపెట్టి, వినడం తర్వాత కీర్తించడాన్ని పెట్టింది. మహారాష్ట్రలో నామదేవుడు, తర్వాత తుకారాం, బెంగాల్లో చైతన్యుడు (1486-1534), మన దగ్గర తాళ్ళపాక అన్నమయ్య (1408-1503) దీన్ని జనం మధ్యకు తెచ్చినవాళ్ళలో ముఖ్యులు. చైతన్యుడు కీర్తనను వీధిలో నడిపించాడు. దాన్నే నగర సంకీర్తన అన్నారు.

ఈ కీర్తన సముద్రం దాటిన కథ కూడా తెలుసుకోవాలి. 1926లో పరమహంస యోగానంద న్యూయార్క్ కార్నెగీ హాల్లో అమెరికన్ల చేత గురునానక్ పాటను ఇంగ్లీషులో పాడించాడు. 1966లో భక్తివేదాంత స్వామి అదే న్యూయార్క్‌లో ఇస్కాన్ పెట్టి, ఒక పార్కులో చెట్టు కింద కూర్చుని కుర్రకారు చేత హరేకృష్ణ మంత్రం పలికించాడు. 1969లో బీటిల్స్ బృందంలోని జార్జి హారిసన్ ఆ మంత్రాన్ని రికార్డుగా తెచ్చాడు. న్యూయార్క్ ప్రాంతపు యువకుడు జెఫ్రీ కేగెల్ 1970లో ఇండియాకు వచ్చి, నీమ్ కరోలీ బాబా శిష్యుడై, కృష్ణదాస్‌గా తిరిగిపోయాడు. 1994 నుంచి ఆయన న్యూయార్క్ జీవముక్తి యోగా కేంద్రంలో కీర్తన నడిపాడు. అక్కడినుంచి యోగా హాళ్ళలో ఆసనాలతో పాటు కీర్తన కూడా మామూలయింది. 2013లో ఆయన రికార్డు గ్రామీ బహుమతి పోటీ దాకా పోయింది. 2023 నుంచి ఆ బహుమతుల్లో ఒక విభాగం పేరులోనే 'చాంట్' అన్న మాట చేరింది. 2025లో ఆ విభాగం బహుమతి చెన్నైలో పుట్టిన చంద్రికా టాండన్ బృందానికి, వేద మంత్రాల రికార్డు 'త్రివేణి'కి వచ్చింది.

అమెరికావాడు పాడుకుంటే మనకేం నష్టం? ఏమీ లేదు. ఒంటరితనంతో నలిగిపోయే మనిషి పదిమందితో గొంతు కలిపి ఊరట పొందితే దాన్ని మేము ఎగతాళి చేయం. కానీ ఆ హాళ్ళలో ఒక మాట చెబుతారు: "ఈ పాటలో అందరూ సమానమే, ఇక్కడ చిన్నా పెద్దా లేదు" అని. ఆ మాట దగ్గరే మేము ఆగుతాం. ఎందుకంటే ఆ పాట పుట్టిన ఊళ్ళు మాకు తెలుసు. ఆ ఊళ్ళో మా ఇల్లు ఎక్కడుందో కూడా తెలుసు.

పాట లోపల, మనిషి బయట

మన ఊళ్ళలో పండరి భజన అని ఒకటుంది. కాళ్ళకు గజ్జెలు, చేతిలో తాళాలు, గురువు ముందు, మిగతావాళ్ళు వరసగా. ఆ పేరు పండరీపురం నుంచి వచ్చింది. ఆ పండరీపురంలోనే 14వ శతాబ్దంలో చోఖామేళా అనే మహర్ కులస్తుడు విఠలుడి మీద అభంగాలు కట్టాడు. ఆయన భార్య సోయరాబాయి కట్టింది. కొడుకు కర్మమేళా కట్టాడు. ఇంటిల్లిపాదీ దేవుణ్ణి పాడినవాళ్ళే. కానీ గుడి లోపలికి వాళ్ళకు దారి లేదు. మంగళవేఢేలో వెట్టికి గోడ కడుతుంటే అది కూలి చోఖామేళా చనిపోయాడు. శిథిలాల కింద ఎవరి ఎముకలు ఏవో తెలియలేదట. చెవి దగ్గర పెట్టుకుని చూస్తే ఆయన ఎముకల్లోంచి విఠల నామం వినిపించిందట. వార్కరీలు చెప్పుకునే కథ ఇది. ఎముకలు కూడా నామం పలికాయని ఒప్పుకున్నవాళ్ళు ఆ ఎముకల్ని ఎక్కడ పెట్టారు? గుడి మెట్ల కాడ, వాకిలి బయట. చోఖామేళా సమాధి ఈనాటికీ అక్కడే ఉంది.

ఆ గుడి తలుపులు దళితులకు తెరవాలని 1947 మే నెలలో సానే గురూజీ నిరాహారదీక్షకు కూర్చోవలసి వచ్చింది. అంటే చోఖామేళా పాట లోపలికి పోయిన ఆరువందల ఏళ్ళకు ఆయన మనుషులు లోపలికి పోయారు. పాటకు ఆరు నిమిషాలు, మనిషికి ఆరు శతాబ్దాలు. ఇదీ "అందరూ సమానమే" అన్న మాట అసలు లెక్క.

తమిళ దేశంలో నందనార్ కథ ఇంకోటి. చిదంబరం నటరాజును చూడాలని తపించిన పరయ కులస్తుడు అగ్నిలో దూకి 'శుద్ధి' అయితేనే గుడిలోకి రానిచ్చారని పురాణం చెబుతుంది. 19వ శతాబ్దంలో గోపాలకృష్ణ భారతి ఆ కథను కీర్తనలుగా కట్టాడు. అవి కచేరీల్లో ఎంతో పేరు తెచ్చుకున్నాయి. వింటున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో ఎంతమంది తమ ఊరి పరయవాడ మనిషిని ఇంట్లోకి పిలిచారు?

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ సంగతి సరిగ్గా పట్టుకున్నాడు. ఆయనకు ఈ సంతుల మీద గౌరవం లేక కాదు. 1920లో మూక్‌నాయక్ పత్రిక పెట్టినప్పుడు తలకట్టు కింద తుకారాం అభంగాన్నే వేశాడు. 1948లో 'అంటరానివాళ్ళు' పుస్తకాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాలకు అంకితమిచ్చాడు. అయినా 'కుల నిర్మూలన' మీద గాంధీకి జవాబిస్తూ కుండబద్దలు కొట్టాడు: సంతులు దేవుడి ముందు మనుషులు సమానమన్నారే గాని, మనిషి ముందు మనిషి సమానమని పోరాడలేదన్నాడు. మొదటిదాని వల్ల ఎవరికీ నొప్పి కలగదు. రెండోదానితో ఊరు కదులుతుంది. భజన మొదటిదాన్ని చెబుతుంది. మనకు కావలసింది రెండోది.

చర్మం ఎవరిది, చప్పుడు ఎవరిది?

కీర్తనకు మద్దెల కావాలి. మద్దెలకు చర్మం కావాలి. మృదంగం తలలకు ఆవు, మేక, బర్రె తోళ్ళు వాడతారు. ఆ తోలు శుభ్రం చేసి, సాగదీసి, వార్లు బిగించి, నాదం కుదిరేదాకా కూర్చునే చేతులు ఎక్కువగా దళితులవి. సంగీతకారుడు టి.ఎం. కృష్ణ తమిళనాడులో ఇట్లా మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. ఆ పుస్తకం ఆవిష్కరణకు చెన్నై కళాక్షేత్ర ముందు హాలు ఇస్తానని, తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. మృదంగం వేదిక ఎక్కవచ్చు. దాని తోలు గురించిన మాట మాత్రం వేదిక ఎక్కకూడదు.

ఇంకో మాట. కీర్తన సనాతనం, దాన్ని మార్చకూడదు అంటారు. మరి కీర్తన కాడ ముందు పెట్టుకునే హార్మోనియం ఎక్కడిది? యూరప్ నుంచి వచ్చింది. మన సంగీతానికి పనికిరాదని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఇవాళ హార్మోనియం లేని భజన మందిరం లేదు, అమెరికా యోగా హాలు లేదు. పెట్టె మారవచ్చు, భాష మారవచ్చు, పాడే దేశం మారవచ్చు. ఎత్తుకునే కులం మాత్రం మారకూడదా?

యోగం మన వాడలకు కొత్తదా?

యోగా నేర్పుతామని వచ్చేవాళ్ళు మనల్ని ఏమీ తెలియనివాళ్ళ కింద చూస్తారు. వాళ్ళకు మన చరిత్ర కొంత చెప్పాలి.

ప్రకాశం జిల్లా తాళ్ళకొండపాడు మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసేవాడు. 1866లో ఒంగోలు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత వేలమంది మాదిగలు ఆయన వెనక క్రైస్తవంలోకి నడిచారు. అంతకు ముందు పేరయ్య ఎవరు? రాజయోగం సాధన చేసినవాడు, తన కులస్తులకు నేర్పినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' అన్న పుస్తకంలో ఆనాటి మాదిగల గురువుల గురించి, సాధనల గురించి రాసింది. చెప్పులు కుట్టే చేతులు, ఊపిరి బిగబట్టి ధ్యానం చేసే ఒళ్ళు ఒకటే. న్యూయార్క్‌లో చాప పరవకముందు, కార్నెగీ హాల్లో కీర్తన మోగకముందు, కనిగిరి మెట్టలో మాదిగవాడు యోగం చేశాడు.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దున్న ఇద్దాసు తత్వాలు పాడుకుంటారు. ఆయన 19వ శతాబ్దంలో మాదిగ ఇంట పుట్టి యోగి అయినవాడు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్దయ్యతో పాటు మాదిగ కక్కయ్య ఉన్నాడని జనం కథ చెప్పుకుంటారు. ఏకతార మీటుతూ ఒకరు తత్వం అంటే, చుట్టూ కూర్చున్న కూలిజనం అందుకునేవాళ్ళు. ఆ తత్వాల్లో ఊపిరి గురించి, నాడుల గురించి, ఒళ్ళే గుడి అన్న మాట గురించి ఉంటుంది. గుడి మూసేసినవాడికి అంతకన్నా గట్టి జవాబు ఏముంది? "నీ గుడి నాకొద్దు, నా ఒంట్లోనే ఉంది" అన్నారు. యోగం, పాట రెండూ కలిసిన చోటు మన దగ్గరే ఉంది. దానికి టికెట్టు లేదు, కెమెరా లేదు.

చర్చికి పోయిన మాలపల్లెలకు ఈ సంగతి ఇంకో రకంగా తెలుసు. వాళ్ళ పాటల పుస్తకం పేరే 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు, వాడల్లో జనాన్ని కూడేయడానికి హరికథనే వాడుకున్నాడు. కూడిన జనానికి చదువు గురించి, తాగుడు మానడం గురించి, జోగిని ఆచారం ఆపడం గురించి చెప్పాడు. అంటే పాటను విడిచిపెట్టలేదు, పాట పగ్గం తన చేతిలోకి తీసుకున్నాడు. మేము చెప్పేదీ అంతే.

నల్లజాతి అక్క నేర్పిన పాఠం

అమెరికాలో కీర్తన గురించి చెప్పేవాళ్ళు ఎక్కువగా తెల్లవాళ్ళ పేర్లే చెబుతారు. ఒక నల్లజాతి స్త్రీ పేరు మనం చెప్పుకోవాలి. ఆమె ఆలిస్ కోల్ట్రేన్. 1937లో డెట్రాయిట్‌లో పుట్టింది. చిన్నప్పుడు నల్లవాళ్ళ బాప్టిస్టు చర్చిలో ఆర్గన్ వాయించింది. గొప్ప జాజ్ సంగీతకారిణి. భర్త పోయాక హిందూ ఆధ్యాత్మిక మార్గం పట్టి, తురీయసంగీతానంద అని పేరు పెట్టుకుంది. 1983లో కాలిఫోర్నియాలో ఆశ్రమం కట్టి, అక్కడ భజన నడిపింది. ఆమెకు మన పుట్టపర్తి సత్యసాయి మీద భక్తి.

ఆమె మతంతో మేము ఏకీభవించాలని లేదు. కానీ ఆమె చేసిన పని చూడండి. సంస్కృత నామాలు తీసుకుంది గాని, గొంతు మాత్రం తన వాళ్ళదే పెట్టింది. ఆ భజన వింటే నల్లవాళ్ళ చర్చి వినిపిస్తుంది: చప్పట్లు, ఆర్గన్, కేక, దానికి జవాబు. ఎందుకంటే ఒకరు అనడం పదిమంది అందుకోవడం నల్లవాళ్ళకు ఆఫ్రికా నుంచి వెంట వచ్చిన ఆస్తి. 1739లో దక్షిణ కరోలినాలో బానిసలు డప్పులు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడే అక్కడి దొరలు బానిసలకు డప్పు నిషేధిస్తూ చట్టం చేశారు. డప్పు పోతే చప్పట్లు కొట్టారు, కాలు నేలకేసి కొట్టారు. పత్తి చేలో పాడారు, చర్చిలో పాడారు, 1950ల్లో, 60ల్లో పౌరహక్కుల ఊరేగింపుల్లో పోలీసుల ముందు పాడారు. ఆలిస్ కోల్ట్రేన్ ఆ ఆస్తిని వాకిట్లో వదిలేసి భజనలోకి పోలేదు. తనే ఎత్తుకుంది. తన స్వరంలో ఎత్తుకుంది. తనే గురువు అయింది.

మన ఊరి రామాలయం ఏకాహంలో ఒక మాల ఆడమనిషి హార్మోనియం ముందు కూర్చుని ఎత్తుకుంటే, ఊరి పెద్దలు కింద కూర్చుని అందుకుంటారా? ఈ ఒక్క ప్రశ్న అడగండి చాలు. భజనలో సమానత్వం ఎంత ఉందో తేలిపోతుంది.

"ఇది మతం కాదు" అన్న మాట

ఇక హాస్టళ్ళ సంగతి. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. 2015 నుంచి ప్రతి ఏడు జరుపుతున్నారు. ఒళ్ళు వంచడానికి, ఊపిరి సరిచేసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. పేద పిల్లల ఒంటికి మంచిదైతే రోజూ చేయించండి. దానితో పాటు గుడ్డు, పాలు, పప్పు కూడా సక్రమంగా పెట్టండి. కానీ నామ కీర్తన ఆసనం కాదు. అది పూజ. అమెరికాలోనే ఈ తేడా తేల్చారు. అలబామా రాష్ట్రం 1993లో బడుల్లో యోగాను పూర్తిగా నిషేధించింది. 2021లో నిషేధం ఎత్తేసి ఆసనాలకు అనుమతిచ్చింది గాని, మంత్రాలు పలకడం, నామాలు పాడడం, ఆఖరికి నమస్తే అనడం కూడా కూడదని చట్టంలో రాసింది. తల్లిదండ్రులు సంతకం పెట్టాలంది. కాలిఫోర్నియాలో ఎన్సినిటాస్ బడుల మీద తల్లిదండ్రులు వేసిన కేసులో 2015లో అప్పీలు కోర్టు, అక్కడ నేర్పుతున్న యోగాలో మత బోధ లేదు కాబట్టే సరేనంది. అలబామా వాళ్ళ చట్టం వెనక క్రైస్తవ ఛాందసం ఉంది, దాన్ని మేము నెత్తిన పెట్టుకోం. నమస్తే అంటే కొంప మునుగుతుందా? కానీ ఆసనం వేరు, కీర్తన వేరు అన్నది ఇద్దరికీ తెలిసిన సంగతే అని ఇక్కడ రుజువవుతుంది.

మనకు అలబామా చట్టం అక్కర లేదు. బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం ఉంది. 28వ అధికరణం ఏం చెబుతుంది? పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మత బోధ జరగకూడదు. ప్రభుత్వ గుర్తింపు, సాయం ఉన్న సంస్థల్లో కూడా విద్యార్థి సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మత బోధలో గాని పూజలో గాని పాల్గొనమని బలవంతం చేయకూడదు. 1986లో కేరళకు చెందిన ముగ్గురు పిల్లల కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు పోయింది. జాతీయగీతం వచ్చినప్పుడు ఆ పిల్లలు మర్యాదగా లేచి నిలబడ్డారు గాని, తమ మత విశ్వాసం ఒప్పుకోక పాడలేదు. వాళ్ళను బడి నుంచి వెళ్ళగొట్టడం తప్పని కోర్టు తీర్పిచ్చింది. జాతీయగీతం పాడకుండా మౌనంగా నిలబడే హక్కు పిల్లలకు ఉన్నప్పుడు, ఒక దేవుడి నామం పలకకుండా మౌనంగా కూర్చునే హక్కు ఉండదా?

"పలికితే మనసుకు ప్రశాంతత వస్తుంది గదా, సైన్సు కూడా చెప్పింది గదా" అంటారు. సైన్సు ఏం చెప్పిందో చూద్దాం. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ డాక్టర్లు ఒక పరిశోధన అచ్చేశారు. 23 మంది చేత కాథలిక్ జపమాల ప్రార్థన ఒకసారి, బౌద్ధుల మంత్రం ఒకసారి పలికించారు. రెండింటికీ ఊపిరి నిమిషానికి ఆరు సార్లకు నెమ్మదించింది, గుండె లయ కుదుటపడింది. మేరీమాత పేరుకూ అదే ఫలితం, బౌద్ధ మంత్రానికీ అదే ఫలితం. అంటే మేలు చేసింది లయతో సాగిన నెమ్మది ఊపిరి. మరి పిల్లల చేత నాట్ల పాట పాడించండి, తత్వం పాడించండి, ఎక్కాలు రాగం తీసి చదివించండి. ఊపిరి కుదురుతుంది, పాఠం కూడా వస్తుంది. ఒక్క దేవుడి నామమే కావాలని పట్టుబట్టేవాళ్ళ ఉద్దేశం ఊపిరి కాదు.

మనోళ్ళకు రెండు మాటలు

మన వాడల్లో భజన చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళను తిట్టడం మా పని కాదు. రోజంతా రెక్కలు ముక్కలు చేసుకుని, రాత్రి నలుగురితో కూర్చుని చిడతలు కొట్టుకుంటే అలుపు తీరుతుంది. మన ఆడవాళ్ళకు కోలాటం, చెక్కభజన ఆ కాసేపు ఇల్లు దాటి వచ్చే అవకాశం. అది మాకు తెలుసు. కానీ ఒక సంగతి గమనించండి. ఊళ్ళోవాళ్ళు మన భజన బృందాన్ని ఎప్పుడు పిలుస్తారు? ఊరేగింపు పొడుగ్గా కనపడాలంటే పిలుస్తారు. పీఠాధిపతి వస్తే దారికి రెండు పక్కలా నిలబడి పాడడానికి పిలుస్తారు. గుడిలో ప్రసాదం పంచేటప్పుడు పిలుస్తారా? 2007లో టి.టి.డి. 'దళిత గోవిందం' పేరుతో దేవుణ్ణి దళితవాడలకు తెచ్చింది. దేవుడు మన వాడకు వచ్చి పోయాడు. మనం ఊరి గుడి గర్భగుడి దాకా పోయామా? రావడం సులభం, రానివ్వడం కష్టం.

సముద్రం అవతల కూడా ఇంతే. కీర్తన దాటిన సముద్రాన్నే కులం కూడా దాటింది. అందుకే 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే, అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ దాన్ని తిప్పి పంపాడు. ఆ బిల్లు వద్దని గట్టిగా అడ్డుపడ్డవాళ్ళలో హిందూ సంస్థలు ఉన్నాయి. పాటలో అందరూ ఒకటే, చట్టంలో మాత్రం ఆ మాట రాయకూడదు!

కాబట్టి మా సంఘాల కార్యకర్తలకు చెప్పేది ఇది. హాస్టలుకు పోయినప్పుడు పిల్లల్ని అడగండి: యోగాలో ఏం చేయిస్తున్నారు, ఏం పలికిస్తున్నారు? ఆసనాలైతే సంతోషం. నామ కీర్తన అయితే తల్లిదండ్రులతో కాగితం రాయించండి. 28వ అధికరణం పేరు చెప్పి, మా పిల్లల్ని బలవంతం చేయవద్దని వార్డెనుకు ఇవ్వండి, నకలు మీ దగ్గర పెట్టుకోండి. గొడవ అక్కర లేదు, కాగితం చాలు. పలకాలనుకున్న పిల్లవాణ్ణి ఆపకండి. పలకననే పిల్లవాడి పక్కన నిలబడండి. హిందూ కీర్తన విషయంలో చెప్పిందే చర్చి నడిపే బడిలో కీర్తనకూ వర్తిస్తుంది. మన మాట ఒక్కటే ఉండాలి.

ఊరి భజనకు పిలుపు వస్తే మూడు ప్రశ్నలు అడిగి పోండి. లోపల కూర్చోవచ్చా? మా వంతు వచ్చినప్పుడు మేము ఎత్తుకోవచ్చా? భజన అయిపోయాక ఒకే గ్లాసులో నీళ్ళు తాగవచ్చా? మూడింటికీ అవునంటే పోయి బ్రహ్మాండంగా పాడండి. ఒక్కదానికి కాదన్నా, చిడతలు సంచిలో పెట్టుకుని వాడకు తిరిగి రండి. మన పాటలు మనకున్నాయి. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా, అవమానమనుకున్న డప్పును ఆత్మగౌరవం చేసింది. ఏకతార, తత్వం, నాట్ల పాట కూడా అట్లాగే మన చేతుల్లోకి రావాలి. వాడలో వారానికొక రాత్రి కూర్చోండి. ముసలమ్మలకు వచ్చిన పాటలు రాసిపెట్టుకోండి. ఈసారి ఎత్తుకునేది వాళ్ళు కావాలి, అందుకునేది చదువుకున్న మన పిల్లలు కావాలి.

ఒకరు అనడం, పదిమంది అందుకోవడం - ఈ పద్ధతి దానంతటది బానిసత్వం కాదు, విముక్తీ కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఏం జరిగింది? బాబాసాహెబ్ లేచి నిలబడి ఒక్కొక్క ప్రతిజ్ఞ చదివాడు. ఎదురుగా లక్షలమంది లేచి నిలబడి ఒక్కొక్క మాటా తిరిగి పలికారు. ఇరవై రెండు ప్రతిజ్ఞలు. అదీ అనడం, అందుకోవడమే. కానీ ఆ రోజు అందుకున్నవాళ్ళు ఎవరి దేవుడికో వంత పాడలేదు. ఇక మేము మనుషులం అని తమ గురించి తామే పలికారు. బలవంతం లేదు. ఇష్టమైనవాళ్ళే నిలబడండి అని ముందు అడిగారు, తర్వాతే మొదలుపెట్టారు.

అట్లా అడిగి, అట్లా పలికించే పాటకు మేము ఎప్పుడూ సిద్ధం. అడక్కుండా మా పిల్లల నోట్లో పెట్టే పాటకు మా జవాబు మౌనమే. ఆ మౌనానికి రాజ్యాంగం తోడుంది.

జై భీమ్!